శుభ్రం ఎక్కువైతే...

ఆ రోజు మా అమ్మాయి స్కూలుకెళ్ళాక చేపల తొట్టె కడిగాను. నా కడుగుడు సంగతి మా ఇంట్లో అందరికీ తెలిసిందే. నీళ్ళన్నీ పారబోసి, గులకరాళ్ళని బియ్యం కడిగినట్టు కడిగి, ఫిల్టర్‌లో జిగురు పట్టిన స్పాంజిని కుళాయి కింద పిండి పిండి కొత్తదాన్లా చేశాను. మూడో రోజుకి రెండు గోల్డ్‌ఫిష్‌లూ పైకి తేలాయి.

ఏడుస్తున్న పిల్లని ఓదార్చాల్సింది పోయి, “వందరూపాయల చేపల కోసం ఇంత రాద్ధాంతమా!” అనేశాను. నాలుగు రోజులు మాటల్లేవు. ఏమడిగినా తలూపడమే. ఆదివారం కొళత్తూరు వెళ్దామా అంటే మాత్రం చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.

చెన్నైలో ఉండేవాళ్ళకి చెప్పక్కర్లేదు, అక్వేరియం చేపలంటే కొళత్తూరే. దుకాణం పక్కన దుకాణం. ఎటు చూసినా గాజు తొట్టెలు, ఆక్సిజన్ నింపి రబ్బరు బ్యాండు బిగించిన కవర్లు. ఫైటర్ చేపల్ని మాత్రం ఒక్కోదాన్ని ఒక్కో డబ్బాలో పెడతారు. మగవి రెండు కలిస్తే కొట్టుకుంటాయి మరి. మేమిద్దరం కూడా అలాగే, వేరే వేరే డబ్బాల్లో ఉన్నట్టు పక్కపక్కనే నడిచాం.

ఒకచోట రెండు గోల్డ్‌ఫిష్ కావాలన్నాను. దుకాణమతను, “పాతవి ఏమయ్యాయి అక్కా?” అన్నాడు. నాకు నోరు పెగల్లేదు. ఇంతలో అమ్మాయి, “మేమే అన్నా, తొట్టె మొత్తం కడిగేశాం, స్పాంజితో సహా” అంది.

మేమే అంది. మా అమ్మ అనలేదు.

అతను విసుక్కోకుండా చెప్పాడు. చేపలు వదిలే అమ్మోనియా నీళ్ళని విషం చేస్తుందట. దాన్ని విరిచేసే బ్యాక్టీరియా ఆ స్పాంజిలోనే కాపురముంటుంది. అది పెరగడానికి వారాలు పడుతుంది, కుళాయి నీళ్ళలోని క్లోరిన్‌కి చచ్చిపోతుంది. అందుకే ఒక్కసారిగా అన్ని నీళ్ళూ మార్చకూడదు, పావు వంతు చాలు. స్పాంజిని తొట్టెలోంచి తీసిన పాత నీళ్ళలోనే పిండాలి. నేను మురికని వదిలించిందే వాటికి ఊపిరన్నమాట!

గోల్డ్‌ఫిష్‌కి మా తొట్టె చిన్నది, ముందు రెండు గప్పీలతో మొదలుపెట్టమన్నాడు. తన తొట్టెలోని పాత స్పాంజి ముక్క కోసి, నీళ్ళతో సహా కవర్లో వేసి, “ఇది కడగకండి అక్కా” అని నవ్వాడు. అమ్మాయి కూడా ఫక్కున నవ్వింది. ఆటోలో ఆ మురికి స్పాంజిని ప్రసాదంలా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

ఇంటికొచ్చాక చేపల కవరుని అలాగే తొట్టెలో తేలనిచ్చాం. లోపలి నీళ్ళ వేడీ బయటి నీళ్ళ వేడీ సమానం అయ్యాకే వదలాలి, ఇరవై నిమిషాలు పడుతుంది.

“అలా అనకుండా ఉండాల్సిందే” అన్నాను కవరు వంకే చూస్తూ.

“నేను కూడా నాలుగు రోజులు మాట్లాడకుండా ఉండకూడదులే” అంది.

ఇరవై నిమిషాలు ఎప్పుడైపోయాయో ఇద్దరం చూసుకోలేదు.