పది సెకన్లు

బ్రిటన్‌లో సైన్యం వదిలి బయటికొచ్చేవాళ్ళని రైల్వే పనుల్లోకి పిలిచే కరపత్రాల్లో క్రమశిక్షణ అన్న మాట తప్పకుండా ఉంటుంది. రాత్రి షిఫ్టులు, వాన, చలి, రూల్‌బుక్కు... ఇవన్నీ మీకు అలవాటేగా, వచ్చేయండి, అన్న ధోరణి. మా పక్కింటాయన తెచ్చుకున్న కరపత్రం నేనూ చదివాను. ఆర్మీలో పన్నెండేళ్ళు చేసి కార్పొరల్‌గా బయటికొచ్చాడాయన. మేముండే వుల్వర్టన్, లండన్‌కి ఉత్తరాన, 1838లో పెట్టిన రైల్వే వర్క్‌షాప్ చుట్టూ పెరిగిన ఊరు.

డబ్బు సంగతి ముందు చెప్పాలి. ఎన్‌హాన్స్‌డ్ లెర్నింగ్ క్రెడిట్స్ అని ఒక పథకం ఉంది. సర్వీసు తగినంత ఉంటే కోర్సు ఫీజులో 80 శాతం దాకా రక్షణశాఖే కడుతుంది. పై శ్రేణిలో ఏడాదికి 2,000 పౌండ్లు మించకుండా, మొత్తం మూడు విడతలు. కోర్సు మాత్రం లెవెల్ త్రీ, లేదా ఆపైది అయ్యుండాలి. ఇది వింటే మా చినమావయ్య గుర్తొచ్చాడు. హవల్దార్‌గా రిటైరై, రాజమండ్రిలో ఒక బ్యాంకు గుమ్మం దగ్గర పదకొండేళ్ళు నిలబడ్డాడు. ఏ కోర్సు మాటా ఆయనదాకా రాలేదు. "తుపాకీ పట్టినోడికి తుపాకీ పనేరా" అనేవాడు, నవ్వుతూనే.

పక్కింటాయన మొదట చేరింది చిన్న కోర్సు, వేరే నిధితో నడిచేది, పైసా కట్టక్కర్లేదు. పర్సనల్ ట్రాక్ సేఫ్టీ. ఇది పాసై, వైద్య పరీక్ష, డ్రగ్స్ టెస్టు దాటితేగానీ పట్టాల మీద పనికి సెంటినల్ కార్డు రాదు. సాయంత్రాలు నాచేత ప్రశ్నలు అడిగించుకునేవాడు. రైలు రావడానికి కనీసం పది సెకన్ల ముందే మనిషి సురక్షిత స్థానంలో ఉండాలి. రైళ్ళ వేగం గంటకు 100 మైళ్ళు దాటని చోట పట్టాకి 1.25 మీటర్ల దూరం, దాటే చోట 2 మీటర్లు. మా ఊరి మీదుగా 125 మైళ్ళ వేగంతో పోతాయి. ఊరికే లెక్కేశాను: సెకనుకి 56 మీటర్లు. పది సెకన్లంటే అర కిలోమీటరు పైమాటే.

దూరాలన్నీ ఆయనకి ఇట్టే వచ్చేశాయి. ఆగిపోయింది ఇంకోచోట. పని ప్రమాదకరంగా ఉందనిపిస్తే ఎవరైనా, నిన్న కార్డు వచ్చినవాడైనా సరే, చేయనని చెప్పొచ్చు. "పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా కాదనలేదు నేను, ఇప్పుడు దీనికి మార్కులా?" అన్నాడు. కరపత్రం పొగిడిన క్రమశిక్షణకీ ఈ రూలుకీ ఎక్కడా పొసగదు. ఆ ముక్క మాత్రం కరపత్రంలో లేదు.

2019 జూలై 3న సౌత్ వేల్స్‌లో మార్గమ్ దగ్గర రైలు తగిలి ఇద్దరు ట్రాక్ కార్మికులు చనిపోయారు. రైళ్ళు తిరుగుతున్న లైన్ మీదే ముగ్గురు పనిలో ఉన్నారు. చప్పుడు చేసే మెషీన్, దానికోసం చెవులకి కట్టుకున్న మఫ్‌లు. రైలొస్తోందని చూసి చెప్పడానికి నియమించిన మనిషి లేడు. దర్యాప్తు నివేదిక చదువుతుంటే నన్ను పట్టుకున్న ప్రశ్న ఒకటే: ఆ ఉదయం 'ఆపుదాం' అని ఎవరనాలి?

పుస్తకాల పిచ్చోళ్ళకి ఇక్కడో విషయం. బ్రిటన్‌లో రైల్వే ఇన్‌స్పెక్టర్ల వ్యవస్థ 1840లో మొదలైంది. వందేళ్ళకు పైగా ప్రమాదాలను దర్యాప్తు చేసిన ఆ ఇన్‌స్పెక్టర్లు రాయల్ ఇంజనీర్స్ దళం నుంచి వచ్చిన అధికారులే. ఎల్.టి.సి. రోల్ట్ 1955లో తెచ్చిన 'రెడ్ ఫర్ డేంజర్'కి వాళ్ళ నివేదికలే ఆధారం. అంటే సైన్యం నుంచి రైల్వేకి దారి పాతదే. అప్పుడొచ్చిన కల్నల్ రైలు కంపెనీనే నిలదీసి అడిగేవాడు. ఇప్పుడొచ్చే కార్పొరల్‌కీ ఆపే హక్కుంది, కానీ ఏజెన్సీ షిఫ్టు ఇస్తేనే ఆ వారం జీతం. ఈ తేడాని ఏ శిక్షణ నిధీ పూడ్చదని నా అనుమానం.

మొదటి చలికాలంలో ఒక శనివారం రాత్రి, లైట్లు సరిగా లేవని ఆయన పని ఆపేశాడు. సూపర్‌వైజర్ ఏమీ అనలేదు, రూలు ప్రకారం రాసుకున్నాడు. తర్వాత రెండు వారాలు షిఫ్టులు రాలేదు. కారణం ఎవరూ చెప్పలేదు, ఈయనా అడగలేదు.

ఇప్పుడు ఇంకో ఏజెన్సీలో చేస్తున్నాడు. లెవెల్ త్రీ సిగ్నలింగ్ కోర్సుకి దరఖాస్తు పెట్టాడు, మూడు విడతల్లో మొదటిది వాడి. సొంతంగా కట్టాల్సిన 20 శాతం కోసం మోటార్‌సైకిల్ అమ్మకానికి పెట్టాడు. ఇంతవరకూ ఒక్కరే చూసి వెళ్ళారు.