నవ్వు నేర్పిన పుస్తకాలు

పాల్వంచకూ భద్రాచలానికీ నడుమ, అడవి అంచున మా ఊరు. ఇప్పపూల వాసనతో వేసవి తెల్లవారేది. తునికాకు కట్టల లెక్కలతో రోజు గడిచేది. తెలుగు మాధ్యమంలో పదో తరగతి పూర్తిచేసి, ఇంటర్మీడియట్ చదువుకై కొత్తగూడెం చేరిన నాకు ఇంగ్లీషు అంటే పరీక్షలో దాటవలసిన ఏరు మాత్రమే. ఒకనాడు తరగతిలో పాఠం చదువుతూ 'ఐలాండ్' అనే మాటను 'ఇస్‌లాండ్' అని పలికాను. గది అంతా గొల్లుమన్నది. ఆ తరువాత చాలా రోజులు నేను నోరు విప్పలేదు.

నా మౌనాన్ని గమనించిన మా ఆంగ్ల అధ్యాపకులు ఒక సాయంత్రం నన్ను పిలిచి, అట్ట నలిగిన ఒక చిన్న పుస్తకం చేతిలో పెట్టారు. "మార్కుల కోసం కాదు, నవ్వుకోవడానికి చదువు" అన్నారు. అది జెరోమ్ కె. జెరోమ్ 1889లో ప్రచురించిన 'త్రీ మెన్ ఇన్ ఎ బోట్'. నిఘంటువు పక్కన పెట్టుకొని, మొదటి నాలుగు పుటలకు నాలుగు రాత్రులు వెచ్చించాను. అందులో కథకుడు వైద్యగ్రంథం తిరగవేసి, ఒక్కటి మినహా లోకంలోని రోగాలన్నీ తనకే ఉన్నాయని నిశ్చయించుకుంటాడు. ఆ ఘట్టం అర్థమైన క్షణాన ఒంటరిగా, బిగ్గరగా నవ్వాను. భయపెట్టిన భాషే నన్ను నవ్వించింది.

సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అదే పుస్తకంలోని పోడ్జర్ మామయ్య కథను నాయనమ్మకు చెప్పాను. ఆయన గోడకు ఒక పటం తగిలించాలని పూనుకుంటాడు. ఇంటిల్లిపాదినీ పరుగులు పెట్టిస్తాడు. చొక్కాపై తొడిగే కోటు కోసం అందరిచేతా వెతికించి, చివరకు దానిమీదనే తాను కూర్చున్నట్టు తెలుసుకుంటాడు. మేకుకు బదులు తన బొటనవేలిపై సుత్తి వేసుకుంటాడు. అక్షరం ముక్క రాని నాయనమ్మ కళ్లనీళ్లు తుడుచుకుంటూ, "మీ తాత సంగతి ఆ దొరకెట్టా తెలిసిందిరా?" అన్నది. ఆ ప్రశ్న నన్ను ఆశ్చర్యపరచింది. థేమ్స్ తీరాన పుట్టిన కథలో ఆమె తన ఇంటిని చూసుకున్నది. నా మాటలలో చెప్పగలిగిన తరువాతనే ఆ పుస్తకం నాకు పూర్తిగా స్వంతమయింది.

అక్కడినుండి నా పఠనం విస్తరించింది. జేన్ ఆస్టెన్ 1813లో వెలువరించిన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'లో ఐదుగురు కుమార్తెల పెళ్లిళ్లకై ఆరాటపడే తల్లిని చూసి, మా వీధిలోని ఎందరో తల్లులు గుర్తుకువచ్చారు. ఆస్కార్ వైల్డ్ నాటకాలలో గంభీరంగా మాట్లాడుతూనే పెద్దమనుషుల డాంబికాన్ని బయటపెట్టే చమత్కారం కనిపించింది.

అయితే చదివినదంతా వంటబట్టిందని చెప్పలేను. రెండో సంవత్సరంలో ఉండగా, మా ప్రాంతం నుండే వచ్చిన ఒక జూనియర్ విద్యార్థి ఏదో ఇంగ్లీషు మాటను తప్పుగా పలికాడు. నేను దానిని అనుకరించి మిత్రులను నవ్వించాను. ఆ అబ్బాయి తల వంచుకొని వెళ్లిపోయాడు. వెంటనే నా 'ఇస్‌లాండ్' చెవిలో మోగింది. జెరోమ్ తనను చూసి తాను నవ్వుకున్నాడు. నేను నాకంటె బలహీనుని చూసి నవ్వాను. హాస్యానికీ వెక్కిరింతకూ గల భేదం ఆనాడు తెలిసింది. మరునాడు అతనిని వెతికి క్షమాపణ కోరాను. నా పాత తప్పును నేనే చెప్పుకొన్నాను. అతడు నవ్వాడు. ఆ నవ్వులో ఇద్దరమూ ఉన్నాము.

ఇంగ్లీషు పుస్తకాలే నన్ను మళ్లీ తెలుగు వైపు నడిపించాయి. గోల్డ్‌స్మిత్ 'ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' ప్రేరణతో కందుకూరి వీరేశలింగం రచించిన 'రాజశేఖర చరిత్రము' మా గోదావరి దిగువన ఉన్న ధవళేశ్వరంలో మొదలవుతుంది. అడిసన్, స్టీల్ 1711లో ప్రారంభించిన 'స్పెక్టేటర్' పత్రిక స్ఫూర్తి పానుగంటి లక్ష్మీనరసింహారావు 'సాక్షి' వ్యాసాలలో జంఘాలశాస్త్రి ఉపన్యాసాలై పలికింది. మార్క్ ట్వేన్ సృష్టించిన టామ్ సాయర్‌ను నండూరి రామమోహనరావు తెలుగు పిల్లల నేస్తంగా మార్చారు. ఖమ్మంలో పాఠశాల విద్యనభ్యసించిన దాశరథి కృష్ణమాచార్య ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆంగ్ల సాహిత్యంతో బి.ఎ. చేశారు, తెలుగులో మహాకవిగా నిలిచారు. పరభాషా సాహిత్యంపై ప్రేమ మాతృభాషకు లోటు చేయదని వీరి కృషి నిరూపిస్తుంది.

నేటికీ భద్రాచలం వంతెనమీద బస్సు గోదావరిని దాటేటప్పుడు, నీటిపై సాగే పడవలను చూస్తే ఆ ముగ్గురు మిత్రులు, వారి కుక్క మాంట్‌మోరెన్సీ జ్ఞప్తికి వస్తారు. నాయనమ్మ ఇప్పుడు లేదు. ఏ మంచి పుస్తకం చదివినా, దీనిని ఆమెకు ఎలా చెప్పి ఉండేవాడినా అని ఆలోచిస్తాను. మీరు కూడా ఒక పుస్తకం చదివి ముగించిన రోజున, ఇంట్లో చదువురాని పెద్దలు ఎవరైనా ఉంటే వారి పక్కన కూర్చొని, ఆ కథ చెప్పి చూడండి.