బండి పోని దారి



నేను హిమాలయాలకు వెళ్ళొచ్చిన సంగతి మీకు తెలుసు. ఫోటోలు వాట్సాప్‌లో చూశారు. "అయ్యగారు యాభై ఏళ్ళకు మంచుకొండ ఎక్కారు" అని కొందరు గొప్పగా చెప్పుకుంటున్నారు కూడా. అంతకు ముందు జరిగింది చెప్పకపోతే ఆ ఫోటోలు అబద్ధమాడినట్టే. అందుకే ఇది రాస్తున్నాను.

2023 జనవరి 1న మనం ఒంగోలు ప్రేయర్ మీటింగ్ హిల్‌కి వెళ్ళాం, గుర్తుందా? 1854లో అదే జనవరి 1 తెల్లవారుజామున జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, జూలియమ్మ, మరి కొద్దిమంది మోకరించి ప్రార్థించిన కొండ అది. పెద్ద కొండేం కాదు. అయినా సగం ఎక్కేసరికి నాకు ఆయాసం వచ్చింది. ఒక రాయి మీద కూర్చుని, పాట వెతుక్కుంటున్నట్టు పాటల పుస్తకం తెరిచాను. మిరప కోతలకు పోయే మన అమ్మమ్మ ఒకావిడ, అరవై ఐదు దాటిన మనిషి, మనవణ్ణి చంకనేసుకుని కబుర్లాడుతూ నన్ను దాటిపోయింది. "అయ్యగారు ప్రార్థనలో ఉన్నారు, పలకరించకండి" అని వెనకవాళ్ళకు చెప్పింది. నేను కాదనలేదు.

ఆ రాయి మీద నాకు గుర్తొచ్చింది అంతకు ముందు అక్టోబరు. కాలవ అవతల పల్లెలో మంచాన పడిన మన తల్లి ఒకావిడ, నన్ను చూడాలని వానలో కబురు పెట్టింది. నల్లరేగడి తడిస్తే ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. మడ్‌గార్డులో మట్టి ఇరుక్కుని చక్రం తిరగదు. కాలవ దాకా పోయి, "బండి పోదమ్మా, రేపు తెరిపిస్తే వస్తాను" అని ఫోన్ చేసి వెనక్కి తిరిగాను. అక్కణ్ణుంచి మూడు కిలోమీటర్లు. తెల్లారేసరికి ఆమె ప్రభువు దగ్గరకు వెళ్ళిపోయింది. "అయ్యగారు మాత్రం ఏం చేస్తారు, దారి లేదుగా" అని సమాధి దగ్గర ఆమె కూతురే నన్ను వెనకేసుకొచ్చింది. దారి ఉంది. ఆమె చుట్టాలందరూ ఆ దారినే నడిచి వచ్చారు.

శరీర సాధన గురించి పౌలు తిమోతికి రాసిన మాట మీద నేను రెండుసార్లు ప్రసంగించాను. రెండుసార్లూ దాన్ని నా పొట్టకు సాకుగా వాడుకున్నాను. పౌలు అన్నన్ని ఊళ్ళు కాలినడకన తిరిగిన మనిషి, ఆయనకు వేరే వ్యాయామం ఎందుకు? నేనేమో బండి మీద పది ఇళ్ళు తిరిగి, మీరు ప్రేమతో ఇచ్చే పది టీలు తాగేవాణ్ణి. ఆ జనవరిలో రక్తపరీక్ష చేయిస్తే మూడు నెలల షుగరు సగటు 6.3 అని వచ్చింది. 6.5 నుంచి షుగరు వ్యాధి కిందే లెక్క.

సరిగ్గా అప్పుడే హైదరాబాదులో ఉండే మా బావమరిది "బావా, వచ్చే ఏడు ఈస్టర్ అయ్యాక కేదార్‌కంఠ ఎక్కుదామా? ఉత్తరాఖండ్‌లో, 12,500 అడుగులు" అన్నాడు. వేళాకోళానికే అన్నాడు. నేను సరే అన్నాను.

డాక్టరు గుండె పరీక్షలు చూసి, మాట్లాడగలిగినంత వేగంతోనే నడవమన్నారు. మాట రాకపోతే తొందర ఎక్కువైనట్టు. మొదట దొంక వెంబడి ఉత్త నడక. తర్వాత వీపుకు సంచి, అందులో నీళ్ళ సీసాలు, నాలుగు కిలోలతో మొదలుపెట్టి పది దాకా. వీలైన శనివారాల్లో కొండవీడు ఘాట్ రోడ్డు. పైకి చేరాక నీళ్ళన్నీ చెట్లకు పోసి ఖాళీ సీసాలతో దిగేవాణ్ణి. ఎక్కేటప్పుడు కష్టం ఊపిరికి, దిగేటప్పుడు మోకాళ్ళకు. ఇది నాకు ముందే తెలిసింది కాదు. మూడో నెలలో బరువుతో గబగబా దిగి మోకాలు వాచి, పది రోజులు మంచం మీదున్నాను. ఏలీయా హోరేబుకు బయలుదేరే ముందు దేవదూత ఆయనకు రెండుసార్లు తిండి పెట్టి, మధ్యలో నిద్రపోనిచ్చాడని ఎన్నోసార్లు చదివాను గాని, నా విషయంలో ఎప్పుడూ అనుకోలేదు.

కోతలకు ఆటోలో పోయే మన అక్కలు ఒకరోజు ఆపి అడిగారు.

"సంచేసుకుని ఏ ఊరు పోతున్నారు అయ్యగారూ?"

"ఊరికేనమ్మా. బరువు మోయడం అలవాటు కావాలని."

ఆటో అంతా ఒకటే నవ్వు. "అయితే మా కల్లానికి రండి, టిక్కీలు మోయిస్తాం!"

నిజంగానే వెళ్ళాను. టిక్కీ నలభై కిలోలు. ఇద్దరు ఎత్తి భుజానికి పెడితే పది అడుగులు వేశాను. నడుం నొప్పికి ప్రార్థన చేయమని మీరడిగితే ఒక నిమిషంలో ముగించేవాణ్ణి, ఇన్నేళ్ళూ.

ఇంకొకటి. నల్ల తామరపురుగుకు మిరప తోట పోగొట్టుకున్న కౌలురైతు ఒకాయన ఏడాదిగా మందిరానికి రావడం మానేశాడు. నేను ఇంటికి వెళ్తే పలకరించి లోపలికి పోయేవాడు. దొంక మీద నన్ను చూసి, ఏమనుకున్నాడో, పక్కన నడవసాగాడు. నాలుగో రోజు అప్పుల సంగతి చెప్పాడు. ఎదురెదురుగా కూర్చుని ఉంటే చెప్పేవాడు కాదు. ఇప్పటికీ ఆయన ఆదివారం రావడం లేదు. తెల్లారి ఐదున్నరకు మాత్రం వస్తాడు.

కొండ సంగతి రెండు మాటల్లో. 2024 ఏప్రిల్‌లో డెహ్రాడూన్ నుంచి సాంక్రి దాకా దాదాపు 200 కిలోమీటర్లు జీపులో వెళ్ళాం. అక్కణ్ణుంచి నడక. నూలు బట్టలు వద్దన్నారు, చెమట పీల్చుకుని ఆరక ఒళ్ళు చల్లబడిపోతుందట. పత్తి పండించే నేల నుంచి వచ్చి, పాలిస్టర్ చొక్కా వేసుకుని కొండెక్కాను! శిఖరం మీద గాలి మన ఊరి గాలిలో మూడింట రెండు వంతులే ఉంటుంది. నాలుగు అడుగులకొకసారి ఆగుతూ, మా జట్టులో అందరికంటే వెనక చేరాను. మీరు చూసిన ఫోటో అదే.

మొన్న ఆగస్టు వానల్లో మళ్ళీ కాలవ అవతల నుంచి ఫోన్ వచ్చింది. అదే ఇల్లు. ఆ కూతురికే జ్వరం. బండి కాలవ దగ్గర ఆపి, చెప్పులు చేత పట్టుకుని దిగాను. కాలు ఎత్తితే మట్టి కాలితో పాటే లేస్తోంది. మూడు కిలోమీటర్లకు గంట పైనే పట్టింది.

"నడిచొచ్చారా అయ్యగారూ?" అంది ఆమె, గుమ్మం పట్టుకుని నిలబడి. వద్దంటున్నా వినకుండా, వణుకుతూనే చెంబుతో నీళ్ళు తెచ్చి నా కాళ్ళ మీద పోసింది. ఆ మట్టి పోవడానికి మూడు చెంబులు పట్టింది.