ముందు నడుం చూడాలి

నడుం నొప్పితో వచ్చేవాళ్లు ఈమధ్య బాధ చెప్పుకోకముందే స్కాన్ కవరు చేతికిస్తున్నారు. నేను దాన్ని బల్ల మీద పెట్టి, "ముందు బల్లెక్కి పడుకోండి, నడుం చూస్తాను" అంటాను. వేలు పోసి తీయించుకున్నది చూడనైనా లేదని కొందరు నొచ్చుకుంటారు. అయినా ఆ వరస మార్చను.

వరి నాట్లకు వెళ్లే ఒకావిడ, యాభైకి దగ్గర్లో ఉంటుంది, కొడుకు భుజం పట్టుకుని వచ్చింది. రిపోర్టులో ఎల్4-ఎల్5 దగ్గర డిస్కు ఎండి, కాస్త ఉబ్బిందని ఉంది. అది చూసినవాళ్లెవరో "పూసలు అరిగిపోయాయి, ఇక వంగొద్దు" అన్నారట. బెల్టు బిగించుకుని మూడు వారాలుగా మంచం మీదే ఉంది. వెల్లకిలా పడుకోబెట్టి ఒక్కో కాలూ నిటారుగా లేపాను, పిక్కలోకి లాగలేదు. కాలి బొటనవేలు పైకెత్తమంటే నా చేతిని నెట్టేసేంత బలంగా ఎత్తింది. మోకాలి కింద సుత్తితో తడితే కాలు చక్కగా ఎగిరింది. నరాలకు ఏమీ కాలేదు. కానీ కింద పడ్డ చీటీ తీయమంటే నిలువునా బిగుసుకుపోయింది.

"వంగితే పూస జారిపోదా అయ్యా?"

ఆ భయం తీర్చడమే ఆవిడకు అసలు వైద్యం. ఏ నొప్పీ లేనివాళ్ల స్కాన్లు పరిశీలించిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2015లో ఒక సమీక్ష వచ్చింది. యాభై ఏళ్లవాళ్లలో 80 శాతం మందికి డిస్కులు అరిగే ఉన్నాయి. ఇరవై ఏళ్లవాళ్లలోనే 37 శాతం. ఆవిడకు ఇలా చెప్పాను: "అమ్మా, నీ ఈడువాళ్లు పదిమందికి స్కాన్ తీస్తే ఎనిమిదిమందికి ఇలాగే రాసిస్తారు. వాళ్లు నాట్లు వేస్తూనే ఉన్నారు." ఆవిడ సగం దాకా వంగింది. ఆ రోజుకు అది చాలు.

మంచం పడితే నడుం బాగుపడదని 1986లోనే అమెరికాలో ఒక పరిశోధన తేల్చింది. వారం విశ్రాంతి చెప్పినవాళ్లకంటే రెండు రోజులే చెప్పినవాళ్లు తక్కువ రోజులు పని మానేశారు. అందుకే నేను ఇచ్చేది కొద్దిపాటి వైద్యమే. వేడి కాపడం, కొన్ని రోజులు నొప్పి మాత్ర (కిడ్నీ జబ్బో కడుపులో పుండో ఉంటే అదీ కాదు), నడక, ఫిజియో నేర్పే వ్యాయామాలు. దీర్ఘకాలపు నొప్పికి బెల్టులూ ట్రాక్షనూ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. ఇక ఊళ్లలో నొప్పి తగ్గాలని పదేపదే పొడిచే స్టెరాయిడ్ సూదులను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అవి షుగరు పెంచుతాయి, ఎముకలను గుల్ల చేస్తాయి. ఆవిడకు నెలలో నొప్పి బాగా తగ్గింది. పూర్తిగా పోలేదు, సాయంత్రం కాపడం పెట్టుకుని, తెల్లారి పొలానికి వెళ్తోంది.

ఇదే వరసలో చూస్తే ఒక హమాలీ కుర్రాడి కథ వేరు. నెలల తరబడి బెల్టు, ట్రాక్షన్, కరెంటు అన్నీ అయ్యాయి. పడుకున్నా నొప్పి తగ్గదు, సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడుతుంది, ప్యాంటు వదులైంది. వెన్ను మీద పూసపూసా తడుతూ వస్తే ఒక్క చోట మెలికలు తిరిగిపోయాడు. అతనికి మాత్రం స్కాన్ ఆ రోజే తీయించాను. వెన్నుపూసకు టీబీ. ముక్క తీసి పరీక్షించి ఖాయం చేసుకున్నాక మందులు మొదలయ్యాయి. ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది, ఏడాది పాటు మానకుండా వాడాలి. స్కాన్ అక్కర్లేని చోట తీయడమూ, అవసరమైన చోట నెలలు ఆపడమూ రెండూ జరిగేది నడుం మీద చెయ్యి వేయకపోవడం వల్లే.

డిస్కు నరాన్ని నొక్కి కాలు లాగేస్తున్నవాళ్లు ఆపరేషన్ మాటెత్తుతారు. త్వరగా చేయించుకున్నవాళ్లకు ఉపశమనం త్వరగా వచ్చిందనీ, ఏడాది తిరిగేసరికి ఆగి చూసినవాళ్లూ వాళ్లంత బాగానే ఉన్నారనీ 2007లో నెదర్లాండ్స్ పరిశోధన చూపింది. ఆ సంగతి చెప్పి, నిర్ణయం వాళ్లకే వదిలేస్తాను. బండి తోలకపోతే పూట గడవని ఆటో డ్రైవరు నెలలు ఆగలేనంటే కాదనను.

ఆగకూడనిది ఒకటుంది. సైకిలు సీటుకు ఆనే చోట మొద్దుబారడం, మూత్రం బిగుసుకుపోవడం. ఆడవాళ్లు ఇది సిగ్గుతో చెప్పరు, అందుకే ప్రతి ఒక్కరినీ నేనే అడుగుతాను. అవునంటే ఆ రాత్రే స్కాన్, ఆ రాత్రే సర్జనుకు ఫోను.