ఓచనోమిజు గిటారుల వీథి

టోకియో నగరమున ఓచనోమిజు రైలుస్టేషను నుండి మెయిజీ విశ్వవిద్యాలయము మీదుగా దిగు వాలువీథిలో గిటారుల యంగళ్లు వరుసదీరియున్నవి. అడిగినచో విద్యుద్గిటారును శ్రుతిచేసి, ధ్వనివర్ధకమునకు తగిల్చి చేతి కిత్తురు.

మొదట మేము ఫెండరు స్ట్రాటోకాస్టరును పట్టితిమి. ఇది 1954లో పుట్టిన రకము. నాదము గాజుగంటవలె స్వచ్ఛము; దారువు మేని కొదుగునట్లు చెక్కబడినది. కాని తీగ మ్రోగు పొడవు 25½ అంగుళములు. దూరపు మెట్లు మా చిటికెనవ్రేలి కందలేదు. పిదప గిబ్సను లెస్‌పాలు: 24¾ అంగుళములు. జంట తీగచుట్టలు రొద నణచును; నాదము గంభీరము. బరువు మాత్రము భుజమును క్రుంగదీసెను. తుదకు ఫెండరువారే 1964లో విద్యార్థులకై వెలువరించిన మస్టాంగు రకము: 24 అంగుళములే. వ్రేళ్లు శ్రమలేక మెట్లపై నడచినవి.

అది పిల్లలు నేర్చుకొనునది గదా యని కొంద రందురు. సోదరీమణులారా! ఎంత పేరుగల వాయిద్యమైనను చేతికి లొంగనిచో గోడకు వ్రేలాడును. చేతి కొదిగినది దినదినము పలుకును. వెలచీటి చూచుటకు ముందు మీ వ్రేళ్ల నడుగుడు. మా వ్రేళ్లు మస్టాంగునే కోరినవి.