మ్యాట్నీ ఆట

మా ఊళ్ళో మ్యాట్నీ అంటే ఆడవాళ్ళ ఆట. మగవాళ్ళు ఫస్ట్ షోకీ, సెకండ్ షోకీ వెళ్ళేవారు. వంటా గిన్నెలూ అయ్యాక, పిల్లలు బడినుంచి రాకముందు దొరికే ఆ మూడు గంటలు మనవి. ఆ గంటలు ఎవరైనా దయతలచి ఇచ్చినవా, మనమే పనుల మధ్యనుంచి లాక్కున్నవా అని అప్పట్లో ఎవరం అనుకోలేదు. ఇంగ్లండులో జరిగే ఒక డార్ట్స్ టోర్నమెంటు గురించి రాద్దామని కూర్చుంటే నాకు ముందు ఈ మ్యాట్నీయే గుర్తొచ్చింది. అక్కడా ఆడవాళ్ళ ఆట మధ్యాహ్నమే మరి.

2022 వేసవిలో ప్రెస్టన్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. మనవరాలికి ఆరు నెలలు. జూలై 24 ఆదివారం నాడు పిల్లని ఎత్తుకుని పక్కింటికి వెళ్ళాను. ఆవిడకి డెబ్భై దాటాయి. ఒకప్పుడు పబ్ లేడీస్ లీగులో డార్ట్స్ ఆడిన మనిషి. "ఇవాళ బ్లాక్‌పూల్‌లో మొదటిసారి ఆడవాళ్ళు ఆడుతున్నారు, రండి చూద్దాం" అంది. వింటర్ గార్డెన్స్‌లో ఎంప్రెస్ బాల్‌రూమ్ అని 1896 నాటి నాట్యశాల. 1994 నుంచి అక్కడ 'వరల్డ్ మ్యాచ్‌ప్లే' జరుగుతోంది. దానికి 'మహిళల వరల్డ్ మ్యాచ్‌ప్లే' జత కలిసింది ఆరోజే.

ఆట చెప్పడం ఆవిడకి అయిదు నిమిషాల పని. గీత దగ్గర నిలబడి, ఏడడుగుల తొమ్మిదింపావు అంగుళాల దూరంలో ఉన్న గుండ్రటి బోర్డుకి మూడేసి బాణాలు విసరాలి. ఇద్దరికీ చెరో 501 అప్పు ఉన్నట్టు లెక్క. ఎన్ని పాయింట్లు కొడితే అంత అప్పు తీరుతుంది. సన్నటి లోపలి వలయంలో 20 గడి దగ్గర తగిలితే మూడింతలు, అంటే 60. మూడు బాణాలూ అక్కడే దిగితే 180. గురి కాస్త పక్కకి జరిగిందా, 20కి అటూ ఇటూ ఉన్నవి 1, 5. అత్యాశకి పక్కనే శిక్ష కూడా గీసి పెట్టారన్నమాట! ఆఖరి బాణం మాత్రం రెట్టింపు వలయంలోనో, సరిగ్గా నడి బిందువులోనో పడి లెక్క సున్నా కావాలి. బాకీ ఒక్కటే మిగిలినా, లెక్క మించిపోయినా ఆ విడత చెల్లదు. ఇలా ఒకసారి అప్పు తీర్చడాన్ని లెగ్ అంటారు. నెలాఖరు పద్దులు రాసుకున్న ఆడమనిషికి ఇందులో కొత్తేమీ లేదనిపించింది నాకు.

నన్ను ఆపింది వేరే సంగతి. డార్ట్ బరువు ఇరవై, పాతిక గ్రాములు. పరుగు లేదు, ఎత్తు పొడవుల పోటీ లేదు, కండబలం పని లేదు. మరి ఆడవాళ్ళకి వేరే ఆట ఎందుకు?

ఈ ప్రశ్నకి జవాబు ఆవిడ తన కథగా చెప్పింది. పబ్బులతో పాటు కార్మికుల క్లబ్బులు కూడా ఈ ఆటకి పుట్టిళ్ళు. భర్త సంతకం పెడితే ఆవిడ లోపలికి వెళ్ళేది. ఓటు లేదు, కమిటీలో చోటు లేదు, వేరే ఊరి క్లబ్బుకి వెళ్ళడానికి పనికొచ్చే కార్డు లేదు. ఆ క్లబ్బుల సమాఖ్య స్త్రీలకి సమాన సభ్యత్వం ఇవ్వడానికి ఒప్పుకున్నది 2007లో! 1978లో వేక్‌ఫీల్డులో షీలా క్యాప్‌స్టిక్ అనే ఆవిడని తన క్లబ్బులోనే స్నూకర్ ఆడకూడదన్నారు. ఆమె ఊరుకోకుండా ఉద్యమం లేవదీసింది. అంటే దాదాపు ముప్ఫై ఏళ్ళు పట్టింది. శ్రామికవర్గ సంఘాలు కదా అని మనం మురిసిపోనక్కర్లేదు. అక్కడి కామ్రేడ్లూ మన కామ్రేడ్లలాంటివాళ్ళే.

అదే 1978లో నాటింగ్‌హామ్‌లో మొదటి ప్రపంచ డార్ట్స్ ఛాంపియన్‌షిప్ జరిగింది. లేటన్ రీస్ గెలిచాడు. స్త్రీలకి ప్రపంచ ఛాంపియన్‌షిప్ పెట్టింది 2001లో, లేక్‌సైడ్‌లో. ఇరవై మూడేళ్ళ తర్వాత! అదీ నలుగురితో. గెలిచిన ట్రీనా గలివర్ వడ్రంగం నేర్చిన మనిషి. వరసగా ఏడేళ్ళు, మొత్తం పదిసార్లు గెలిచింది. ఆమె పేరు మనలో ఎంతమందికి తెలుసు? ఈలోగా మగ ఆటగాళ్ళలో పేరున్నవాళ్ళు 1990ల మొదట్లో పాత సంస్థనుంచి విడిపోయి సొంత సంస్థ పెట్టుకున్నారు. ఇప్పటి పి.డి.సి. అదే. డబ్బూ, టీవీ, జనమూ అటు వెళ్ళాయి. ఆ వేదిక మీద 2018 దాకా మామూలుగా కనిపించిన ఆడవాళ్ళంటే, ఆటగాడి పక్కన నవ్వుతూ నడిచొచ్చే అలంకారపు అమ్మాయిలే. ఆ ఏడు జనవరిలో ఆ ఆనవాయితీ మానేశారు. (వాళ్ళ ఉపాధి పోయిందని అప్పుడు గొడవా జరిగింది. ఆ గొడవని నేను తేలిగ్గా తీసిపారెయ్యను.)

రూల్స్ ప్రకారం పి.డి.సి. ప్రపంచ పోటీ స్త్రీలకి మూసి లేదు. 2001లోనే కెనడాకి చెందిన గేల్ కింగ్ ఆడింది, ఒక సెట్ గెలిచి మ్యాచ్ ఓడింది. తలుపు తెరిచే ఉంది, గుమ్మం మాత్రం ఎత్తు. ఏడాది పొడుగునా ఊళ్ళు తిరిగి ఆడితేనే ర్యాంకు. ఆ తిరగడానికి డబ్బుండాలి, పిల్లల్ని చూసే మనిషుండాలి. 2018 చివర మొదలైన పోటీనుంచి స్త్రీలకి రెండు స్థానాలు కేటాయించారు. మెరిట్ చచ్చిపోతుందని అక్కడా గోల చేశారు. ఆ రెండో ఏడాదే, 2019 డిసెంబర్ 17న, అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో ఫాలన్ షెరాక్ టెడ్ ఎవెట్స్‌ని 3-2తో ఓడించింది. ఆ పోటీలో ఒక స్త్రీ మ్యాచ్ గెలవడం అదే మొదలు. నాలుగు రోజులకి మెన్సూర్ సుల్యోవిచ్‌నీ ఓడించింది. ఆమె మంగలిపని చేసి బతికిన మనిషి, ఒక బిడ్డ తల్లి. మూత్రపిండాల జబ్బుకి వాడిన మందులతో ముఖం ఉబ్బితే ఆ ముఖాన్ని వెక్కిరించినవాళ్ళున్నారు. ఆడదాని ఆట కంటే ముందు ముఖం చూడటం ఏ దేశంలోనైనా ఒకటే.

సరే, బ్లాక్‌పూల్‌కి వస్తాను. వరల్డ్ మ్యాచ్‌ప్లేలో 32 మంది, తొమ్మిది రోజులు. 2022లో ఆ 32లో స్త్రీ ఒక్కరూ లేరు. అయినా దాని పేరులో 'పురుషుల' అనే మాట ఉండదు. కవి, కవయిత్రి గొడవే ఇదీ. మహిళల పోటీలో ఎనిమిది మంది, ఒకే మధ్యాహ్నం. క్వార్టర్స్, సెమీస్, ఫైనల్ అన్నీ అప్పుడే. మగవాళ్ళ ఫైనల్ గెలవాలంటే 18 లెగ్‌లు, అదీ రెండు లెగ్‌ల తేడాతో. ఆడవాళ్ళకి 6 చాలు. నాకు ఇక్కడే కోపం వచ్చింది. పొట్టి ఆటలో అదృష్టం పాలు ఎక్కువ. తడబడిన చెయ్యి కుదురుకునే లోపల ఆట అయిపోతుంది. పొడుగాటి పోరులో మాత్రమే కనబడే నైపుణ్యం ఒకటుంటుంది. దాన్ని చూపించే వ్యవధి ఇవ్వకుండా, ఆడవాళ్ళ ఆటలో ఆ పస లేదని తర్వాత వాళ్ళే అంటారు. ఇక డబ్బు. ఆ ఏడాది విజేతకి వాళ్ళ వైపు 2 లక్షల పౌండ్లు, మన వైపు 10 వేలు. సరిగ్గా ఇరవయ్యో వంతు.

ఆరోజు షెరాకే గెలిచింది, నెదర్లాండ్స్‌కి చెందిన ఐలీన్ డి గ్రాఫ్ మీద 6-3. నా మనవరాలు నిద్రపోయి లేచేలోగా ప్రపంచ టైటిల్ తేలిపోయింది. ఇవన్నీ ఏకరువు పెట్టి, "ఇలాంటి విడి ఆట లేకపోతేనే నయం కదా" అన్నాను పక్కింటావిడతో. ఆవిడ నావైపు కాస్త వింతగా చూసింది. "మా లేడీస్ లీగ్ మంగళవారం రాత్రి ఉండేది. అది లేకపోతే నేను బాణం పట్టుకునేదాన్నే కాదు" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. గెలిచినామెకి గ్రాండ్‌స్లామ్‌లోనూ, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లోనూ చోటు దొరుకుతుందని కూడా ఆవిడే చెప్పింది. విడి గదికి పెద్ద హాలులోకి ఒక తలుపు ఉందన్నమాట.

ఆ తలుపులోంచి వచ్చినవాళ్ళని తర్వాత చూస్తూనే ఉన్నాను. డాన్‌కాస్టర్ అమ్మాయి బో గ్రీవ్స్ 2023లో, 2024లో బ్లాక్‌పూల్‌లో గెలిచింది. 2025 అక్టోబర్‌లో యువజన ప్రపంచ పోటీ సెమీఫైనల్లో, అప్పటి ప్రపంచ ఛాంపియన్ ల్యూక్ లిట్లర్‌ని 6-5తో ఓడించింది. ఫైనల్లో అదే 6-5తో ఓడిపోయింది. స్త్రీల పోటీల్లో ఏళ్ళ తరబడి గెలిచి గట్టిపడిన చెయ్యి అది. విడి ఆట ఆమెని బలహీనపరచలేదు.

ఇది రాస్తుండగా ఒక సాహిత్య సభ ఆహ్వానపత్రం వచ్చింది. రెండు రోజుల సభ. మొదటిరోజు 'సమకాలీన కవిత్వం', సాయంత్రం మూడు గంటలు, వక్తలంతా మగవాళ్ళే. రెండోరోజు భోజనాలయ్యాక 'మహిళా కవిత్వం', నలుగురికి కలిపి నలభై అయిదు నిమిషాలు. ఇదివరకైతే రానని రాసేసేదాన్ని. ఈసారి సెషన్ తీసెయ్యమనలేదు. మాకూ మూడు గంటలు కావాలనీ, మొదటిరోజు సాయంత్రం వేదిక మీదకి మాలో ఇద్దరు వస్తారనీ, ఆ ఇద్దరి పేర్లూ రాసి పంపాను. మూడు వారాలైంది. జవాబు ఇంకా రాలేదు.