ఇరవై నిమిషాలు

మా కోరాపుట్ జిల్లా జయపురం నుంచి 2022 అక్టోబరు 31న భువనేశ్వర్‌కు తొమ్మిది సీట్ల విమానం మొదలైంది. మా అబ్బాయి వెంటనే లెక్క కట్టాడు: "నాన్నా, రాయగడకూ వేస్తే? ఆకాశమార్గాన 100 కిలోమీటర్లు లేదు. 20 నిమిషాలు!"

లెక్క సరైనదే. 1996లో నేను కోరాపుట్ బ్రాంచిలో ఉండగా ఓ సాయంత్రం రాయగడ నుంచి ఫోను: నాన్నకు సీరియస్. ఆఖరి బస్సు వెళ్లిపోయింది. రైలుమార్గం పూర్తయింది 1998లో. అదీ కొండల చుట్టూ తిరిగి 160 కిలోమీటర్ల పైచిలుకు. బియ్యం లారీ పట్టుకుని, లక్ష్మీపూర్ మీదుగా ఘాటీ మలుపులన్నీ లెక్కపెడుతూ తెల్లారి చేరాను.

అమ్మ వాకిట్లోనే కూర్చునుంది. "రాత్రంతా నిన్నే అడిగార్రా" అంది.

ఇదంతా అబ్బాయికి చెప్పలేదు.

"దిగడానికి మరో పది వేసుకోరా" అన్నాను.